నీటికాసులు ఉన్నవారికి లైసెన్సు పునరుద్ధరణలో పక్కచూపు పరీక్ష తప్పనిసరి చేయాలా?

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు (చర్చ ప్రారంభం)

నాకు 61 ఏళ్లు. డాక్టర్లు గ్లాకోమా అని పిలిచే నీటికాసుల జబ్బు నా రెండు కళ్లలోనూ ఉన్నట్టు ఏడేళ్ల కిందట తేలింది. రోజూ రాత్రి చుక్కల మందు వేసుకుంటున్నాను, కంటి ఒత్తిడి అదుపులోనే ఉంది. నా కారు లైసెన్సు గడువు వచ్చే నెలతో ముగుస్తుంది. 55 దాటినవారికి ఐదేళ్లకొకసారి పునరుద్ధరణ తప్పదు కాబట్టి ఈ తతంగం నాకు కొత్త కాదు గాని, ఈసారి ఫారాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు కలం కొంచెం ఆగింది.

ఫారం 1 అనే స్వయంప్రకటనలో చూపు గురించి అడిగే ముఖ్యమైన ప్రశ్నలు రెండు. మంచి పగటి వెలుతురులో, అద్దాలు వాడేవారైతే అద్దాలతోనే, 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటును గుర్తించగలరా? రేచీకటి ఉందా? నలభై దాటినవారు డాక్టరు చేత రాయించుకోవలసిన ఫారం 1ఏ కూడా కంటి విషయంలో ఇంచుమించు ఇవే అడుగుతుంది. అభ్యర్థి దూరపు చూపు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టి పరీక్షించానని డాక్టరు ధ్రువీకరించే వాక్యం కూడా అందులో ఉంది. పక్కచూపు, అంటే ఎదుటికి చూస్తున్నప్పుడు ఇరుపక్కలా కనిపించే చూపు, ఆ మాట రెండింటిలోనూ లేదు.

ఈ రెండు ప్రశ్నలకూ నేను అబద్ధమాడకుండా సరైన జవాబులే రాయగలను. వీధి చివర ఆగిన లారీ నంబరును ఇప్పటికీ మా గుమ్మంలో నిలబడి చదువుతాను. అయినా కిందటి నెల కర్నూలు రోడ్డులో ఒక కూడలి దగ్గర, ఎడమవైపు నుంచి సైకిలు మీద వచ్చిన కుర్రవాడు నా బానెట్ ముందుకు వచ్చేదాకా నా కంటికి ఆనలేదు. బ్రేకు పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కుర్రవాడు అనవలసిన మాట ఒకటి అని వెళ్లిపోయాడు, అది నాకు తగినదే.

ఆసుపత్రుల్లో ‘ఫీల్డ్స్’ అని పిలిచే పక్కచూపు పరీక్షను నావంటివారికి పునరుద్ధరణ సమయంలో తప్పనిసరి చేయాలని నా మొగ్గు. కాదనేవారి వాదన కూడా వినాలని ఉంది.

గుంటూరు కంటి ఆసుపత్రి ఉద్యోగిని

మాస్టారూ, ఆ పరీక్ష రోజూ చేయించేదాన్ని కాబట్టి తప్పనిసరి చేయాలనే అంటాను. గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, ఒక కంటిని మూసి, తెల్లటి గిన్నెలాంటి తెర మధ్యలో ఉన్న దీపాన్నే చూస్తూ, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగుచుక్క మెరిసినా చేతిలోని బొత్తాన్ని నొక్కాలి. ఒక్కో కంటికి కొద్ది నిమిషాలు పడుతుంది. చాలామంది చుక్క కోసం గిన్నె అంతా వెతకడం మొదలుపెడతారు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయించాలి.

దీన్ని తప్పనిసరి చేయాలనడానికి నా కారణం ఒక్కటే. నీటికాసుల్లో చూపు పోయినచోట నల్లటి మచ్చ కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి అక్కడ ఏ మచ్చా కనిపించదు. చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఆ రోజు మీకు ఎడమవైపు చీకటి కనిపించి ఉండదు, ఖాళీ రోడ్డు కనిపించి ఉంటుంది. అక్షరాల పట్టికలో చివరి వరుస దాకా గడగడా చదివి, ఫీల్డ్స్‌లో సగం చుక్కలకు బొత్తాం నొక్కని రోగులను నేను చూశాను. తనకు కనిపించనిది ఉన్నదని తెలియని మనిషిని ‘మీకు బాగా కనిపిస్తుందా’ అని కాగితం మీద అడిగితే, ఎంత నిజాయితీపరుడైనా ఏమని రాస్తాడు?

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మేము మామూలుగా ఒక్కో కంటికి విడివిడిగా చేస్తాం, ఎందుకంటే వైద్యానికి కావలసింది అదే. బండి నడిపేటప్పుడు రెండు కళ్లూ తెరిచే ఉంటాయి, ఒక కంటికి కనిపించని చోటు చాలావరకు రెండో కంటికి కనిపిస్తుంది. అందుచేత విడివిడి కాగితాలను చూసి ఎవరి లైసెన్సూ ఆపకూడదు. రెండు కళ్లూ తెరిచి 120 చుక్కలతో చేసే ఎస్టర్‌మన్ పద్ధతి ఒకటి ఉంది, డ్రైవింగుకు పనికొచ్చేది అదే.

వరంగల్ ఆటోవాలా కొడుకు

అక్కా, మీరు చెప్పిన వైద్యం మీద నాకు తగువు లేదు. కానీ ఆ యంత్రం మీ ఆసుపత్రిలో ఉంటుంది, మా మండల కేంద్రంలో ఉండదు. మా నాన్నకు 52 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు. ఆయనది రవాణా వాహనం లైసెన్సు. 2019 సవరణకు ముందు మూడేళ్లకొకసారి, ఇప్పుడు ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. కంటి డాక్టరు దగ్గరికి ఆయనను తీసుకువెళ్లడానికి మా అమ్మకు ఏడాది పట్టింది. అక్కడ రాసే కాగితం రేపు ఆర్టీఏకు చేరుతుందని తెలిస్తే ఆయన ఆ గడప తొక్కరు, ఆయన స్టాండులోని మిగతావాళ్లూ తొక్కరు. 2018లో కంటి వెలుగు శిబిరాలకు మా ఊరంతా వరుస కట్టిందంటే, అక్కడ అద్దాలు ఇచ్చారే గాని ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు. జబ్బు తెలిస్తే పొట్టకూడు పోతుందనే భయం పుట్టిస్తే జబ్బు తగ్గదు, దాక్కుంటుంది.

వర్ణాంధత్వం ఉందని తెలంగాణ ఆర్టీసీ పక్కన పెట్టిన ఒక డ్రైవరు విషయంలో, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని సంస్థను ఆదేశించింది. మంచి తీర్పే. కానీ అప్పు చేసి సొంత ఆటో కొనుక్కున్నవాడికి మరో ఉద్యోగం ఇవ్వమని ఏ సంస్థను ఆదేశిస్తారు? మాస్టారు కారు మానేస్తే బస్సెక్కుతారు. మా నాన్న ఆటో మానేస్తే కిస్తీ ఆగుతుంది.

విజయవాడ న్యాయవాది

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్లనో వైకల్యం వల్లనో ఒక వ్యక్తి బండి నడపడానికి తగడని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే, లైసెన్సు అధికారి ఎప్పుడైనా లైసెన్సును రద్దు చేయవచ్చు లేదా కొత్త వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చు. తగని స్థితిలో ఉన్నానని తెలిసీ నడిపితే 186వ సెక్షన్ కింద మొదటిసారి 1000, తర్వాత 2000 రూపాయల దాకా జరిమానా ఉంది. కాబట్టి చట్టాన్ని మార్చనక్కరలేదు, ఫారాన్ని మార్చితే చాలు. ఫారాలు మారవనీ అనుకోకండి. తక్కువ, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికి లైసెన్సు దక్కేలా 2020 జూన్‌లో ఫారం 1, 1ఏలను సవరించారు. వైద్యుల సలహాతో తలుపు తెరిచినప్పుడు, అదే సలహాతో ఒక ప్రశ్న చేర్చడం కష్టమేమీ కాదు.

లెస్టర్‌లో ఉంటున్న నెల్లూరువాసి

నాకూ రెండు కళ్లలో ఇదే జబ్బు. బ్రిటన్‌లో రెండు కళ్లకూ వస్తే లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకు మనమే తెలియజేయాలి, దాచితే 1000 పౌండ్ల దాకా జరిమానా. తెలియజేశాక నన్ను ఒక కళ్లద్దాల దుకాణానికి పంపి, గుంటూరు అమ్మాయి చెప్పినట్టే రెండు కళ్లూ తెరిచి పరీక్ష చేయించారు. అడ్డంగా కనీసం 120 డిగ్రీలు, అందులో ఇరుపక్కలా కనీసం 50 డిగ్రీలు కనిపించాలి, నడిమి 20 డిగ్రీల్లో పెద్ద లోటు ఉండకూడదు. నేను నెగ్గాను, లైసెన్సు నిలిచింది. కాబట్టి పరీక్ష అంటే లైసెన్సు పోవడమేనని వరంగల్ తమ్ముడు అనుకోనక్కరలేదు.

అలాగని ఇక్కడి పద్ధతిని తలకెత్తుకోనూ వద్దు. ఇదంతా మనం నోరు తెరిచి చెబితేనే నడుస్తుంది. 70 దాటినవారు మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకునేటప్పుడూ చూపు బాగుందని వాళ్ల మాట మీదనే నమ్ముతూ వచ్చారు. చూపు చాలని డ్రైవర్ల వల్ల పోయిన నలుగురి మరణాలను విచారించిన లాంకషైర్ కరోనర్, ఈ పద్ధతి చాలదని 2025లో ప్రభుత్వానికి రాశారు.

వరంగల్ ఆటోవాలా కొడుకు

అన్నా, మీకు పరీక్ష చేయించినది ఆ కార్యాలయమే కదా. మా నాన్న మాత్రం ఆర్టీఏ ఎదుట టేబుల్ వేసుకున్న ఒకాయన దగ్గర ఫారం 1ఏ రాయించుకున్నారు. ఆ డాక్టరు మా నాన్న మొహం కూడా చూడలేదు, తల దించుకునే ముద్ర కొట్టి చేయి చాచాడు. ఉన్న ప్రశ్నలకే ఇలా జరుగుతుంటే, ఇంకొకటి చేర్చితే ముద్ర రేటు పెరుగుతుంది, అంతే. ప్రభుత్వం తన ఖర్చుతో జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేయించి, నెగ్గనివాడికి కనీసం ఒక ఏడాది కిస్తీకి దారి చూపిస్తానంటే నేనే మా నాన్నను తీసుకువెళ్తాను. ఆ మాట లేకుండా తప్పనిసరి అంటే ఒప్పుకోను.

గుంటూరు కంటి ఆసుపత్రి ఉద్యోగిని

ఆ ముద్రల సంగతి మాకు తెలియనిది కాదు, సిగ్గుపడవలసినదే. ఖర్చు ప్రభుత్వానిది కావాలన్నది న్యాయం. కానీ తమ్ముడూ, కిస్తీకి దారి దొరికేదాకా పరీక్ష ఆగాలంటే మాత్రం ఒప్పుకోలేను, ఆలోపు ఆ ఆటోలో బడిపిల్లలు ఎక్కుతుంటారు. ఇంకొకటి, పన్నెండేళ్ల షుగరు అన్నారు. లైసెన్సు మాట పక్కన పెట్టి, నాన్నగారికి ఏటా చుక్కలు వేయించి కంటి లోపలి రెటీనాను చూపిస్తున్నారా?

వరంగల్ ఆటోవాలా కొడుకు

ఒక్కసారే చూపించాం అక్కా. ఈ నెల మళ్లీ తీసుకువెళ్తాను.

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నిన్న రెండు కళ్లూ తెరిచి ఆ పరీక్ష చేయించుకున్నాను. కాగితం మీద కుడివైపు అంతా సరిగానే ఉంది. ఎడమ అంచున మాత్రం నేను చూడలేకపోయిన చుక్కలు నల్లగా ఒక వరుసలో పడి ఉన్నాయి. ఆ వరుస మీద వేలు పెట్టినప్పుడు సైకిలు గుర్తుకొచ్చింది. డాక్టరు గారు నడపవద్దనలేదు, నడపమనీ అనలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

అక్కడి నుంచి ఫారం 1ఏ కోసం మరో డాక్టరు దగ్గరికి వెళ్లి ఈ కాగితం కూడా ముందు పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి చూసి, “ఇది వాళ్లు అడగలేదు కదండీ” అని నా చేతికిచ్చి, గోడ మీది క్యాలెండరు చదివించి సంతకం పెట్టారు. కాబట్టి ముద్రల విషయంలో వరంగల్ అబ్బాయి మాట నిజమేనని ఒప్పుకుంటున్నాను. పరీక్ష అక్కరలేదన్న మాట మాత్రం నిన్నటి తర్వాత మరీ ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ కాగితం లేకపోతే ఆ కూడలిలో తప్పు సైకిలుదేనని ఇంకొన్నాళ్లకు నన్ను నేనే నమ్మించుకునేవాణ్ని.

ఫారం 1 చివరలో, మీ డ్రైవింగు ప్రజలకు ప్రమాదకరం కాగల మరే జబ్బయినా ఉందా అని ఒక ప్రశ్న ఉంది. మిగతావన్నీ నింపాను, దాన్ని ఇంకా ఖాళీగానే ఉంచాను. గురువారం స్లాటు. అప్పటిదాకా కారు మా అబ్బాయి నడుపుతున్నాడు, నేను ఎడమవైపు సీట్లో కూర్చుంటున్నాను.