అప్‌డేట్: "ఎగ్డ్ హిమ్ ఆన్" చిక్కు వీడింది

మూడు వారాల క్రితం ఒక ఇంగ్లీషు మాటకు అర్థం అడిగాను, గుర్తుందా? అనువదిస్తున్న కథలో ఒక కుర్రాడు గోడ దూకే ముందు "ఫ్రెండ్స్ ఎగ్డ్ హిమ్ ఆన్" అని ఉంది. గుడ్లతో కొట్టారేమో అనుకుని అలాగే రాసేశాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అది అచ్చుతప్పేమో అని కొందరన్నారు, కాదని తేలింది. 'ముఖం మీద గుడ్డు' (నలుగురిలో నవ్వులపాలవడం) అనే ఇంగ్లీషు నుడికారానికీ దీనికీ సంబంధం లేదు. రిటైరైన మా ఇంగ్లీషు మాస్టారిని అడిగితే నిఘంటువు తీసి చూపించారు: ఈ క్రియ పాత నార్స్ (స్కాండినేవియా ప్రాంతపు ప్రాచీన భాష) లోని 'ఎగ్య' నుంచి వచ్చింది, అర్థం పురికొల్పడం. కత్తి అంచుని చెప్పే 'ఎడ్జ్' దీనికి చుట్టం, కోడిగుడ్డు కాదు.

వాడుకలో కిటుకు 'ఆన్'లో ఉంది. అది ఉంటే రెచ్చగొట్టడం, లేకపోతే నిజంగానే గుడ్లు విసరడం! పిచ్చి సాహసానికో, గొడవకో పక్కనుంచి "కానియ్, కానియ్" అనడం ఇది. రెచ్చగొట్టడమనే అర్థమున్న 'ఇన్‌సైట్' (incite) ఇంకా బరువైన మాట, హింసకూ అల్లర్లకూ వాడేది.

'ఉసిగొల్పారు' అని రాయమన్న సలహా బాగుంది కానీ, నాకది కుక్కను వదిలినట్టు అనిపించింది. చివరికి 'ఎగదోశారు' అని పెట్టాను. పొయ్యిలో కట్టె ఎగదోసినట్టు. పైగా అందులోనూ 'ఎగ' ఉంది, అది మాత్రం వట్టి కాకతాళీయమే.