లాలిక్ పావురాల సీసా: బిగిసిపోయిన బిరడా తీయడం ఎలా?

పూలసజ్జ:
నా దగ్గర నీనా రిచ్చి వారి లేర్ ద్యూ తాన్ అత్తరు సీసా ఉంది, ఫ్రాన్స్ గాజు కంపెనీ లాలిక్ క్రిస్టల్‌లో వచ్చిన లిమిటెడ్ ఎడిషన్. బిరడా మీద రెండు పావురాలు. మెడ చుట్టూ గోధుమరంగు జిగురు వలయంలా కట్టి, బిరడా అసలు కదలడం లేదు. లోపలి ద్రవం మూడోవంతు తగ్గింది, రంగు పలచటి డికాక్షన్‌లా ఉంది. రెక్కలు విరగకుండా ఎలా తీయాలి? అత్తరు ఇంకా పనికొస్తుందా?

గాజుపని:
ముందుగా ఒక్క మాట: పావురాలను పట్టుకుని తిప్పకండి. రెక్కల అంచులు పలచన, బలమంతా అక్కడే పడుతుంది. పట్టు ఎప్పుడూ పావురాల కింద, బిరడా మొదట్లోనే.

ఆ జిగురు ఆవిరైపోయిన అత్తరులో మిగిలిన బంక. నీళ్లకు కరగదు, ఆల్కహాలుకు కరుగుతుంది. ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుల్లో దొరికే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు చాలు. సర్జికల్ స్పిరిట్ వద్దు, కొన్నింటిలో ఆముదం, వేరే వాసనలు కలుపుతారు. బల్ల మీద మందపాటి తువ్వాలు మడిచి వేసి, సీసాను నిలువుగా ఉంచి, డ్రాపర్‌తో బిరడా, మెడ కలిసేచోట ఒక్క చుక్క వేయండి. అరగంట ఆగి మరో చుక్క. ఇలా నాలుగైదుసార్లు. పొంగి కారేంత పోస్తే లోపలికి దిగి అత్తరును పలచన చేస్తుంది.

అప్పటికీ రాకపోతే, చెయ్యి హాయిగా ఓర్చుకునే గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, బాగా పిండి, మెడకు మాత్రమే అర నిమిషం చుట్టండి. మెడ కాస్త వ్యాకోచిస్తుంది, బిరడా ఇంకా చల్లగానే ఉంటుంది. వెంటనే రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో అటూ ఇటూ వెంట్రుకవాసి కదుపుతూ పైకి లాగండి. మరిగే నీళ్లు, ఫ్రిజ్, హెయిర్ డ్రయ్యర్ మూడూ వద్దు. లెడ్ క్రిస్టల్ (సీసం కలిపిన గాజు) ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితే పగులుతుంది. పైగా లోపలున్నది మండే ఆవిరి.

పూలసజ్జ:
వలయం మెత్తబడింది, బిరడా కొంచెం ఊగుతోందండీ. మరి వాసన సంగతి?

మల్లెమొగ్గ:
రంగు ముదరడం ఒక్కటే పాడైన గుర్తు కాదు. కాగితపు పట్టీ మీద ఒక చుక్క వేసి, అరగంట తరవాత చూడండి. పైపైన ఉండే బెర్గమాట్ లాంటి నిమ్మజాతి నూనెలు ముందుగా ఆక్సీకరణకు లోనవుతాయి కాబట్టి, మొదటి నిమిషాల్లో నెయిల్ పాలిష్ రిమూవర్ ఘాటు మామూలే. 1948లో ఫ్రాన్సిస్ ఫాబ్రాన్ కూర్చిన ఈ పరిమళానికి ప్రాణం కార్నేషన్. లవంగం తగిలిన ఆ పూలవాసన, వెనక పౌడరు మెత్తదనం స్వచ్ఛంగా నిలిస్తే అత్తరు బతికే ఉన్నట్టు. పుల్లటి వాసనో, కాచి కాచి మారిన నూనె వాసనో మిగిలితే చర్మం మీద వాడకండి. బాగున్నా పట్టుచీర మీద మాత్రం వేయొద్దు, ఈ రంగు మరక పడితే పోదు.

కొత్త సీసాతో పోల్చి నకిలీ అనుకోకండి. లవంగ వాసనకు మూలమైన ఐసోయూజెనాల్ వాడకంపై పరిశ్రమ నిబంధనలు పరిమితి పెట్టాయి, అందుకే పాతదానికీ కొత్తదానికీ తేడా ఉంటుంది.

గాజుపని:
ఒకటి మరిచాను. మార్క్ లాలిక్ ఈ పావురాల సీసాను రూపొందించింది 1951లో, అంటే ఆయన తండ్రి, కంపెనీ స్థాపకుడు రెనే లాలిక్ 1945లో చనిపోయాక. కాబట్టి అడుగున రెనే పేరుతో ‘ఆర్. లాలిక్’ అని ఉంటే కచ్చితంగా అనుమానించండి. ఇంకో మోసం: దుకాణాల్లో ప్రదర్శనకు పెట్టే ఫాక్టీస్ సీసాల్లో రంగునీళ్లే ఉంటాయి, వాటిని అసలు అత్తరని అమ్మేవాళ్లున్నారు.

మల్లెమొగ్గ:
బిరడా వచ్చాక ద్రవాన్ని 5 మి.లీ. ముదురు గోధుమరంగు గాజు సీసాల్లోకి, మెడదాకా నిండేలా మార్చేయండి. సీసాలో ఖాళీ అయిన మేర చేరిన గాలే దాన్ని చంపుతోంది. పైగా లెడ్ క్రిస్టల్‌లో ఏళ్ల తరబడి ఉంచితే సీసం కొంత ద్రవంలోకి దిగుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అద్దాల బీరువాలో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. చల్లటి గదిలో, చీకటి అరలో ఉంచండి.

ఖాళీ క్రిస్టల్‌ను గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి మెత్తటి బ్రష్‌తో కడగండి. బోరు నీళ్లతో చివరి కడుగు వద్దు, మసక రెక్కల మీద తెల్లటి చారలు పట్టేస్తాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చివరిగా కడిగి, బిరడాను, సీసాను విడివిడిగా ఆరనివ్వండి. తడి ఉండగా మూస్తే మళ్లీ బిగుస్తుంది.