అద్దె ఇళ్ల సైట్: ప్రశ్నార్థకాలు, ఐడీలతో నిండిన అడ్రస్‌లను తెలుగులో చదవగలిగేలా మార్చడం ఎలా?

మద్దిలపాలెం_వెబ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. విశాఖలో అద్దె ఇళ్లు చూపించే సైట్ ఒకటి నా చేతిలో ఉంది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, అపాచీ 2.4. ఫ్రేమ్‌వర్క్ ఏమీ లేదు. ఒక్కో ఇంటి పేజీ అడ్రస్ ఇలా ఉంటుంది:

/వ్యూ.పీహెచ్‌పీ?సిటీ=1&ఏరియా=14&టైప్=2&ఐడీ=3417

జాబితా పేజీలైతే ఇలా:

/లిస్ట్.పీహెచ్‌పీ?ఏరియా=14&టైప్=2&రెంట్=3&సార్ట్=2&పేజ్=1

సైట్‌లో ఉన్న ఇళ్లు ఆరు వందల చిల్లర. సెర్చ్ కన్సోల్‌లో చూస్తే గూగుల్ కనిపెట్టిన అడ్రస్‌లు వేలల్లో ఉన్నాయి, చాలావరకు డూప్లికేట్ అని పక్కన పెట్టేసింది. ఇంటి ఓనర్లు వాట్సాప్‌లో లింక్ పంపితే అది గాజువాక ఇల్లో మధురవాడ ఇల్లో చూసినవాళ్లకు అర్థం కాదు.

మూడు సందేహాలు. హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో (ఫోల్డర్‌లో ఉండే అపాచీ సెట్టింగుల ఫైల్) పాత అడ్రస్ నుంచి కొత్తదానికి 301 (శాశ్వత రీడైరెక్ట్) పెడితే బ్రౌజర్ "టూ మెనీ రీడైరెక్ట్స్" అంటోంది, ఎందుకు? అడ్రస్‌లో తెలుగు అక్షరాలు పెట్టొచ్చా, ఇంగ్లిష్ అక్షరాలే వాడాలా? అద్దె, సార్టింగ్ లాంటి ఫిల్టర్లను కూడా అందమైన అడ్రస్‌లుగా మార్చాలా?

ఉక్కునగరం_సర్వర్ జవాబు

ముందుగా ఒక మాట. ప్రశ్నార్థకం ఉన్నంత మాత్రాన గూగుల్ పేజీని చదవలేకపోవడం ఉండదు. డైనమిక్ అడ్రస్‌లను తాము క్రాల్ చేయగలమని గూగుల్ 2008లోనే చెప్పింది. అడ్రస్‌లో పదాలు ఉంటే ర్యాంక్ అమాంతం పెరిగిపోతుందనీ అనుకోకండి, ఆ ప్రభావం బాగా తక్కువ. మీకు నిజంగా కలిసొచ్చేవి రెండు: ఒక ఇంటికి ఒకే అడ్రస్ ఉండటం, లింక్ చూడగానే అదేమిటో మనిషికి తెలియడం. పని అంతా ఈ రెంటి చుట్టూ పెట్టుకోండి.

ఇక లూప్ సంగతి. హెచ్‌టీయాక్సెస్‌లో రాసిన రూల్స్ ఒకసారి నడిచి ఆగిపోవు. లోపల అడ్రస్ మారిన ప్రతిసారీ అపాచీ ఆ ఫైల్‌ను మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. ఎల్ ఫ్లాగ్ (రూల్ చివర పెట్టే "ఇదే చివరి రూల్" అనే గుర్తు) ఆ రౌండును మాత్రమే ఆపుతుంది. కొత్త అడ్రస్ వస్తే మీ రూల్ దాన్ని లోపల వ్యూ.పీహెచ్‌పీగా మారుస్తుంది. రెండో రౌండులో మీ 301 రూల్ ఆ వ్యూ.పీహెచ్‌పీని చూసి, పాత అడ్రస్ వచ్చిందనుకుని మళ్లీ కొత్తదానికి పంపుతుంది. బ్రౌజర్ అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఎల్ బదులు ఎండ్ ఫ్లాగ్ పెడితే 2.4లో ఇది ఆగుతుంది. కానీ నా సలహా, 301ని ఆ ఫైల్‌లోంచే తీసేయండి. అక్కడ ఒక్క లోపలి రూల్ చాలు:

రీరైట్‌ఇంజిన్ ఆన్
రీరైట్‌రూల్ ^ఇల్లు/([0-9]+)(-[^/]*)?/?$ వ్యూ.పీహెచ్‌పీ?ఐడీ=$1 [ఎల్]

(ఆదేశాలు, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాశాను, సర్వర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. "ఇల్లు" మాత్రం తెలుగులోనే ఉంచొచ్చు. అపాచీ అడ్రస్‌ను డీకోడ్ చేశాకే ప్యాటర్న్‌తో పోలుస్తుంది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో, బీవోఎం (ఫైల్ మొదట్లో చేరే కనబడని గుర్తు) లేకుండా సేవ్ చేయండి. బీవోఎం ఉంటే మొదటి లైన్‌కే 500 ఎర్రర్ రావచ్చు.)

హెచ్‌టీయాక్సెస్‌లో ప్యాటర్న్ మొదట స్లాష్ ఉండకూడదు. ప్రశ్నార్థకం తర్వాతి భాగం ప్యాటర్న్‌కు అసలు కనబడదు. ఇంకొకటి, ఈ రూల్‌కు క్యూఎస్ఏ ఫ్లాగ్ (వచ్చిన అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని కూడా చివర కలిపేది) తగిలించకండి. తగిలిస్తే ఎవరైనా /ఇల్లు/3417?ఐడీ=99 అని అడిగినప్పుడు లోపలికి ఐడీ రెండుసార్లు వెళ్తుంది. పీహెచ్‌పీ చివరిదాన్నే తీసుకుంటుంది, 3417 అడ్రస్‌లో 99వ ఇల్లు తెరుచుకుంటుంది.

మిగతా పని వ్యూ.పీహెచ్‌పీ పై భాగంలో చేయండి. ఐడీని పూర్ణాంకంగా మార్చి డేటాబేస్‌లో వెతకండి. దొరక్కపోతే 404 (పేజీ లేదు) స్టేటస్‌తో పేజీ ఇవ్వండి, "ఫలితాలు లేవు" అని రాసి 200 (అంతా సరే) ఇవ్వకండి. దొరికితే ఆ ఇంటికి ఉండాల్సిన సరైన అడ్రస్‌ను అక్కడే తయారు చేయండి. రిక్వెస్ట్ యూఆర్ఐలోంచి ప్రశ్నార్థకానికి ముందున్న భాగం తీసుకుని, రా-యూఆర్ఎల్-డీకోడ్ చేసి రెంటినీ పోల్చండి. తేడా ఉంటే 301 పంపి ఎగ్జిట్. లోపల ఎన్ని రీరైట్‌లు జరిగినా రిక్వెస్ట్ యూఆర్ఐలో బ్రౌజర్ అడిగిన అసలు అడ్రసే ఉంటుంది, కాబట్టి లూప్ రాదు. పాత వ్యూ.పీహెచ్‌పీ లింకులు, సగం తెగిన లింకులు, టైటిల్ మారిన ఇళ్లు అన్నీ ఈ ఒక్క పోలికతోనే దారిలో పడతాయి.

ఈ తనిఖీ గెట్, హెడ్ రిక్వెస్టులకే పెట్టండి. ఎంక్వైరీ ఫారం పాత అడ్రస్‌కు పోస్ట్ అవుతుంటే 301 దాన్ని గెట్‌గా మార్చేస్తుంది, నింపిన వివరాలు పోతాయి. పరీక్షించేటప్పుడు 302 (తాత్కాలిక రీడైరెక్ట్) వాడండి. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, మీరు కోడ్ సరిచేసినా పాత చోటికే పోతూ ఉంటుంది.

కొండవాలు జవాబు

రెండో సందేహానికి నేను చెప్తాను. తెలుగు అక్షరాలు నిక్షేపంగా పెట్టొచ్చు. చదివేవాళ్ల భాషలోనే పదాలు వాడమని గూగుల్ కూడా చెబుతుంది. కాకపోతే తెలుగు స్లగ్‌తో (అడ్రస్‌లో పేజీని చెప్పే పదాల భాగం) వచ్చే చిక్కులు తెలిసి దిగాలి.

మొదటిది పొడవు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఉండే నంబర్) మూడు బైట్లు. అడ్రస్‌లో ఒక్కో బైట్ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కోదానికి తొమ్మిది. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. "మధురవాడ"లో ఏడు కోడ్ పాయింట్లు, 63 అక్షరాలు. "విశాఖపట్నం" 90. "రెండు-పడకల-ఇల్లు" అంటే హైఫన్లతో కలిపి 128. బ్రౌజర్ పైన ముచ్చటగా తెలుగులోనే కనిపిస్తుంది, కాపీ చేసి ఎక్కడైనా అతికిస్తే శాతం గుర్తుల తోరణం బయటపడుతుంది. అందుకే తెలుగు స్లగ్ మూడు, నాలుగు పదాలు దాటకూడదు. ఇదే సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంటే ఇంకా కష్టం. అక్కడ స్లగ్‌ను ఎన్‌కోడ్ చేసిన రూపంలోనే దాస్తారు, 200 అక్షరాల దగ్గర కత్తిరిస్తారు. ఇరవై రెండు కోడ్ పాయింట్లు దాటితే తోక తెగినట్టే.

రెండోది స్లగ్ తయారీ. ఇంటర్నెట్‌లో దొరికే ఫంక్షన్లు చాలావరకు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (ప్యాటర్న్‌లలో "అక్షరం లేదా అంకె" అని చెప్పే గుర్తు) కానిదాన్నంతా హైఫన్ చేస్తాయి. ఆ ఫంక్షన్‌కు యు మాడిఫయర్ (యూనికోడ్‌గా చదవమనే సూచన) ఇచ్చినా, చాలా సర్వర్లలో ఉన్న పీసీఆర్‌ఈ (పీహెచ్‌పీ ప్యాటర్న్‌లను పోల్చే లైబ్రరీ) వెర్షన్లు గుణింతం గుర్తులను అక్షరాల్లో కలపవు. ఫలితం చూడండి: "గాజువాక" కాస్తా "గ-జ-వ-క" అవుతుంది. ఉంచాల్సిన వర్గాలు మూడు అని స్పష్టంగా రాయండి: యూనికోడ్ ఎల్ (అక్షరాలు), ఎం (గుర్తులు), ఎన్ (అంకెలు). మిగిలినవన్నీ హైఫన్. అండర్‌స్కోర్ వద్దు, పదాలు విడదీయడానికి హైఫన్ వాడమనే గూగుల్ చెబుతుంది.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, అసలు ప్రమాదం అక్కడే. కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు పదాలు బైట్లలో వేరు కావచ్చు. "వైజాగ్" తీసుకోండి. అందులో ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. స్క్రీన్ మీద తేడా తెలియదు, సర్వర్‌కు అవి రెండు వేరు అడ్రస్‌లు. పీహెచ్‌పీ ఇంటెల్ (ఐ-ఎన్-టీ-ఎల్) ఎక్స్‌టెన్షన్‌లో నార్మలైజర్ క్లాస్ ఉంది. స్లగ్ దాచే ముందు, వచ్చిన అడ్రస్‌తో పోల్చే ముందు రెండు చోట్లా ఎన్‌ఎఫ్‌సీ (విడిగా ఉన్న గుర్తులను ఒకే కోడ్ పాయింట్‌గా కలిపే పద్ధతి) చేయండి. కాకపోతే నార్మలైజ్ చేశాక సరిపోయిందని వదిలేస్తే ఒకే పేజీకి రెండు అడ్రస్‌లు అలాగే ఉంటాయి, కాబట్టి పేజీలో కెనానికల్ ట్యాగ్ (ఈ పేజీ అసలు అడ్రస్ ఇదీ అని గూగుల్‌కు చెప్పేది) తప్పనిసరి. అలాగే "మార్కెట్‌లో" లాంటి పదాల్లో పొల్లు తర్వాత కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దాగి ఉంటుంది. ఫోన్ కీబోర్డుల్లో కొన్ని దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. స్లగ్‌లోంచి నిర్మొహమాటంగా తీసేయండి.

301 పంపేటప్పుడు ఒక్కో భాగాన్నీ రా-యూఆర్ఎల్-ఎన్‌కోడ్ చేసి పంపండి. మామూలు యూఆర్ఎల్-ఎన్‌కోడ్ ఖాళీని ప్లస్‌గా మారుస్తుంది. ఉక్కునగరం గారు చెప్పినట్టు ఈ పని పీహెచ్‌పీలో చేయడమే మేలు. హెచ్‌టీయాక్సెస్‌లో ఎన్ఈ ఫ్లాగ్ లేకుండా ఎన్‌కోడ్ చేసిన అడ్రస్‌కు రీడైరెక్ట్ చేస్తే శాతం గుర్తులే మళ్లీ ఎన్‌కోడ్ అయి లింక్ చెడిపోతుంది.

సాగరతీరం జవాబు

తెలుగు స్లగ్ విషయంలో కొండవాలు గారితో పూర్తిగా ఏకీభవించలేను. ఎస్ఎంఎస్‌లో వెళ్లే లింకులు, గోడ మీద అంటించే టు-లెట్ కాగితం మీద అచ్చయ్యే అడ్రస్ పొట్టిగా ఉండాలి. ఆ అవసరానికి /ఇల్లు/3417 వరకే ఇవ్వండి. పై రూల్‌లో స్లగ్ ఐచ్ఛికంగానే ఉంది, సర్వర్ పూర్తి అడ్రస్‌కు పంపుతుంది. ఐడీ ముందు, పదాలు వెనక పెట్టడంలో లాభం అదే. లింక్ చివర తెగినా ఇల్లు దొరుకుతుంది.

ఇంటి అడ్రస్‌లో జిల్లా, మండలం, ఏరియా అని మెట్లు మెట్లుగా పెట్టకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అనకాపల్లి వేరే జిల్లా అయింది, అరకులోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అడ్రస్‌లో జిల్లా పేరున్న సైట్‌కు ఆ రోజు అక్కడి ప్రతి పేజీ మార్చాల్సిన పరిస్థితి. ఏరియా పేరు స్లగ్‌లో ఒక పదంగా ఉంటే చాలు: /ఇల్లు/3417-మధురవాడ-రెండు-పడకలు.

ఏరియా జాబితా పేజీలకు మాత్రం పేర్ల పట్టిక ఒకటి ఉండాలి. పీఎం పాలెం అన్నా పోతినమల్లయ్యపాలెం అన్నా ఒకటే. ఎంవీపీ కాలనీని చుక్కలతో రాసేవాళ్లున్నారు. ఒక ఏరియాకు ఒకే అధికారిక స్లగ్ ఉంచండి, మిగతా రాతలన్నీ మారుపేర్ల పట్టికలో పెట్టి 301తో దానికి పంపండి. ఊరి పేరు కూడా విశాఖ, వైజాగ్, విశాఖపట్నం మూడింట్లో ఒకటి ఖాయం చేయండి. మీ సైట్ ఒక్క ఊరికే పరిమితమైతే ఊరి పేరు అడ్రస్‌లో అక్కర్లేదు.

ఇక ఫిల్టర్లు. మీ వేల అడ్రస్‌లు పుట్టింది ఇక్కడే. నలభై ఏరియాలు, ఆరు రకాలు, ఐదు అద్దె శ్రేణులు, నాలుగు సార్టింగ్‌లు ఉన్నాయనుకోండి: 4,800 కలయికలు. పేజీ నంబర్లు వేరే. ఉన్నవేమో ఆరు వందల ఇళ్లు. వీటన్నిటినీ అందమైన అడ్రస్‌లు చేస్తే చెత్తకు పేరు పెట్టినట్టవుతుంది. జనం నిజంగా వెతికే కలయికలకే శుభ్రమైన అడ్రస్ ఇవ్వండి: /అద్దెకు/గాజువాక, /అద్దెకు/గాజువాక/రెండు-పడకలు. అద్దె, సార్టింగ్ ప్రశ్నార్థకం వెనకే ఉండనివ్వండి, ఎప్పుడూ ఒకే వరుసలో రాయండి, ఖాళీ పారామీటర్లను అసలు రాయకండి. ఈ జాబితా రూల్‌కు క్యూఎస్ఏ కావాలి, లేకపోతే ఫిల్టర్లు పీహెచ్‌పీకి చేరవు.

సార్టింగ్ మాత్రమే మారిన పేజీకి కెనానికల్ అసలు జాబితాను చూపాలి. అద్దె ఫిల్టర్ పేజీలకు నోఇండెక్స్ (గూగుల్ ఫలితాల్లో చూపొద్దని చెప్పే ట్యాగ్). పేజ్=2, పేజ్=3 ఒక్కోటీ తన అడ్రస్‌నే కెనానికల్‌గా చూపాలి, మొదటి పేజీని కాదు. రెండో పేజీలో ఉన్న ఇళ్లు వేరు కదా. నోఇండెక్స్ పెట్టిన పేజీలను రోబోట్స్ ఫైల్‌లో అడ్డుకోకండి. అడ్డుకుంటే గూగుల్ పేజీ తెరవదు, తెరవకపోతే ఆ ట్యాగ్ కనబడదు. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ పారామీటర్లు అనే పనిముట్టు వాడమని పాత వ్యాసాల్లో కనిపిస్తుంది, దాన్ని 2022లోనే తీసేశారు.

మద్దిలపాలెం_వెబ్

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. లూప్ పోయింది. కానీ కొత్త అడ్రస్‌లో పేజీ తెరిస్తే డిజైన్, బొమ్మలు ఏమీ రావడం లేదు, ఉత్త అక్షరాలే. రెండోది, /లిస్ట్/గాజువాక అని పెట్టి చూశాను, నా రూల్ పట్టించుకోకుండా నేరుగా లిస్ట్.పీహెచ్‌పీ తెరుచుకుంటోంది, ఏరియా ఖాళీ. అద్దెకు వెళ్లిపోయిన ఇళ్లను హోమ్ పేజీకి పంపేయొచ్చా?

ఉక్కునగరం_సర్వర్ జవాబు

డిజైన్ పోవడానికి కారణం మీ సీఎస్ఎస్, బొమ్మల దారులు స్లాష్ లేకుండా మొదలవడం. బ్రౌజర్‌కు రీరైట్ సంగతి తెలియదు, /ఇల్లు/ అనే ఫోల్డర్ ఉందనుకుని /ఇల్లు/స్టైల్.సీఎస్ఎస్ అడుగుతుంది. దారులన్నీ స్లాష్‌తో మొదలుపెట్టండి. బేస్ ట్యాగ్ పెట్టినా పని జరుగుతుంది గానీ, పేజీలోపలి హ్యాష్ లింకులు దాంతో దారి తప్పుతాయి.

రెండోది మల్టీవ్యూస్ పని. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, లిస్ట్ అనే ఫైల్ లేనప్పుడు అపాచీ తనంతట తానే లిస్ట్.పీహెచ్‌పీని వెతికి ఇస్తుంది. ఫైల్ పైన "ఆప్షన్స్ -మల్టీవ్యూస్" వేయండి. 500 వస్తే ఆ ఆప్షన్ మార్చే అనుమతి హోస్టింగ్ వాళ్లు ఇవ్వలేదన్నమాట. అప్పుడు సాగరతీరం గారు చెప్పిన /అద్దెకు/ లాంటి, ఏ ఫైల్ పేరుతోనూ కలవని పదం వాడితే సరి. రేపు సర్వర్‌ను ఎన్‌జిన్‌ఎక్స్‌కు మారిస్తే హెచ్‌టీయాక్సెస్ అసలు పనిచేయదు, ఈ రూల్స్‌ను సర్వర్ కాన్ఫిగరేషన్‌లో మళ్లీ రాయాలి.

హోమ్ పేజీకి మాత్రం పంపకండి. గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా (అసలు లేని పేజీగా) లెక్కేస్తుంది, పైగా ఇంటి కోసం వచ్చిన మనిషికి ఏమైందో అర్థం కాదు. "ఈ ఇల్లు అద్దెకు వెళ్లిపోయింది" అని రాసి, అదే ఏరియాలో ఖాళీగా ఉన్నవి కింద చూపించి, 410 (పేజీ తీసేశాం) స్టేటస్ ఇవ్వండి. అదే ఇల్లు మళ్లీ ఖాళీ అయితే అదే ఐడీతో తిరిగి 200 చేయండి.

మార్పు లైవ్‌లో పెట్టే రోజు మెనూలు, బ్రెడ్‌క్రంబ్‌లు, ఈమెయిల్ టెంప్లేట్లలోని లింకులన్నీ కొత్తవే ఉండాలి. రీడైరెక్ట్ ఉంది కదా అని పాతవి వదిలేయొద్దు. సైట్‌మ్యాప్‌లో 200 ఇచ్చే కెనానికల్ అడ్రస్‌లే పెట్టండి, ఎన్‌కోడ్ చేసిన రూపంలో. ఒక ఫైల్‌కు పరిమితి 50,000 అడ్రస్‌లు, మీకు ఒక్క ఫైల్ చాలు. తర్వాత పాత అడ్రస్‌లు ఓ ఇరవై తీసుకుని కర్ల్‌లో (టెర్మినల్‌లో అడ్రస్‌లు తెరిచి చూసే పనిముట్టు) పెద్ద ఐ ఆప్షన్‌తో హెడర్లు చూడండి. పాతదానికి ఒక్క 301, ఆ వెంటనే 200 రావాలి. మధ్యలో హెచ్‌టీటీపీఎస్‌కు ఒకటి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకు ఒకటి, స్లగ్‌కు ఒకటి అని మూడు మెట్లు కనిపిస్తే, పీహెచ్‌పీలో సరైన అడ్రస్ కట్టేటప్పుడే హెచ్‌టీటీపీఎస్, డొమైన్ కూడా పూర్తిగా రాసి, హెచ్‌టీయాక్సెస్‌లోని ఆ రెండు రూల్స్‌ను ఇంటి పేజీలకు వర్తించకుండా చేయండి. ఈ 301లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న పాత లింకులు ఏడాదికి ఆగవు కాబట్టి, వ్యూ.పీహెచ్‌పీలోని ఆ తనిఖీని ఎప్పటికీ తీయకండి.