60 వేలల్లో పాపకి ల్యాప్‌టాపా, ఐప్యాడా? కొట్టు కంప్యూటర్ సంగతేంది?

కావలి పైపుల కొట్టు:
అందరికీ నమస్తే. మాది కావలి, పైపులు, మోటార్లు, ఫిట్టింగులు అమ్మే కొట్టు ఉండాది. సరుకు, లేబరు మా ఆయన చూసుకుంటాడు, బిల్లులు, స్టాకు, ట్యాలీ సాఫ్ట్‌వేర్లో లెక్కలు అంతా నాదే. ఇప్పుడు రెండు అవసరాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. పాపకి ఒంగోలు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) సీటొచ్చింది, హాస్టల్లో ఉంటది, వచ్చే నెల్లో చేరాలి. కొట్లో కంప్యూటరేమో బో పాతది, నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి, గుమ్మం కడిగి, దేవుడికి దీపం పెట్టి వచ్చి కూర్చున్నా ట్యాలీ ఇంకా తెరుచుకుంటానే ఉంటది, ఎదురుగా కస్టమరు నిలబడి ఉంటాడు.

మా దగ్గర 60 వేలు ఉండాయి, అంతకి మించి ఇప్పుడు పెట్టలేం. పాప ఐప్యాడ్ కావాలంటది, నోట్సు దాని మీదే రాసుకుంటా అంటది. షోరూములో అబ్బాయి కూడా కీబోర్డు తగిలిస్తే ఇదే ల్యాప్‌టాప్ మేడం అన్నాడు. మా ఆయన మాటేందంటే, ఒక్క మంచి ల్యాప్‌టాప్ కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోద్ది అని. పాప ఒంగోలులో, కొట్టు కావలిలో, ఒక్కటి ఇద్దరికీ ఎట్టా సరిపోద్దో నాకైతే అర్థం కాలా. మా అత్తకి ప్రవచనాలు చూసుకోను ట్యాబ్ అయితే బాగుంటది అని ఇంకో ఆలోచన కూడా ఉండాది. తెలిసినోళ్లు కాస్త చెప్పండి.

ఒంగోలు డీటీపీ:
అక్కా, ముందు ఐప్యాడ్ లెక్క చూద్దాం. మామూలు ఐప్యాడ్, అంటే ఏ16 చిప్‌తో 2025లో వచ్చింది, 128 జీబీది, ఇక్కడ 34,900కి రిలీజ్ చేశారు. నోట్సు రాయాలంటే పెన్సిల్ విడిగా కొనాలి, తక్కువలో తక్కువది 7,900. కంపెనీ కీబోర్డు ఇంకో 24,900. మూడూ కలిపితే మీ 60 వేలు దాటిపోద్ది, అంతా అయ్యాక కూడా కొట్లో పాత కంప్యూటర్ అట్టాగే ఉంటది. వస్తువు మంచిదే, స్క్రీన్ బాగుంటది, ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇస్తారు, 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26తో కిటికీలు పక్కపక్కన పెట్టుకుని పని చేసుకోవచ్చు కూడా. కాకపోతే దాని మీద ట్యాలీ ఎక్కదు. ట్యాలీ ప్రైమ్ అనేది విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేరే. బ్రౌజర్లో రిపోర్టులు చూడొచ్చు గానీ రోజూ కౌంటర్ మీద బిల్లింగ్ అట్టా చేయలేం.

ఇంకోటి, ఇది మా పనిలో రోజూ చూసేది. ఈ జిల్లాలో చిన్న కొట్లు, ఆఫీసులు, మా లాంటి డీటీపీ వాళ్లు అందరం ఇంకా విండోస్ చుట్టూనే ఉన్నాం. అను అనే తెలుగు ఫాంట్లలో చేసిన పాత ఫైలు తెరవాలన్నా, డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్ గుచ్చాలన్నా, బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించాలన్నా ట్యాబ్ చేతులెత్తేస్తది. మీ ఆయన అన్న "ఒక్కటే చాలు" కూడా కుదరదు. పాప ల్యాప్‌టాప్ తీసుకుని సోమవారం బస్సెక్కితే మంగళవారం మీ బిల్లు ఎవరు కొడతారు? రెండు మిషన్లు కావాల్సిందే, 60 వేలని రెండుగా చీల్చుకోండి.

ఈసీఈ మూడో సంవత్సరం:
ఆంటీ, నేను అదే బ్రాంచి కాబట్టి పాప వైపు నుంచి చెప్తాను. ఫస్ట్ ఇయర్లో సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఉంటది, అది ఏ కంప్యూటర్ మీదైనా అయిపోద్ది. ఆ తర్వాత మా బ్రాంచిలో వాడే సాఫ్ట్‌వేర్లు చూడండి, లెక్కలు, సిగ్నళ్లకి మ్యాట్‌ల్యాబ్, చిప్ డిజైన్ రాసే వెరిలాగ్ భాషకి వివాడో, మైక్రోకంట్రోలర్లకి ప్రోగ్రాం రాయను కైల్. వివాడో విండోస్, లైనక్స్ మీదే నడుస్తది, మ్యాక్‌లో కూడా రాదు. కైల్‌లో మేం వాడేది విండోస్‌దే. ఐప్యాడ్‌లో మ్యాట్‌ల్యాబ్ మొబైల్ అని యాప్ ఉంది గానీ మ్యాట్‌ల్యాబ్‌తో వాడే సిమ్యులింక్‌లో మోడల్ గీసి రన్ చేసే పని దాంతో అవదు. వివాడో ఒక్కటే పదుల జీబీలు తినేస్తది, అందుకని ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లుండే స్టోరేజీ, 256 జీబీది అస్సలు వద్దు, 512 ఉండాలి. ర్యామ్ 16 ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదు, 8తో మొదలుపెడితే తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

పాప నోట్సు రాసుకుంటా అంటుందే, అది నిజంగానే బాగుంటది, నా రూమ్మేట్ ట్యాబ్ మీదే రాస్తాడు, పరీక్షల ముందు వాడి నోట్సు మా అందరికీ పీడీఎఫ్‌లో వస్తది. కాకపోతే ల్యాబ్ అబ్జర్వేషన్లు, రికార్డులు, అసైన్‌మెంట్లు మా దగ్గర ఇంకా పెన్నుతో కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాల్సిందే. రాసేది ఎట్టాగూ రాయాలి, కాబట్టి ట్యాబ్ లేకపోతే చదువు ఆగదు, ల్యాప్‌టాప్ లేకపోతే రెండో ఏడాది నుంచి ప్రతి ప్రాజెక్టుకీ పక్కవాళ్లని అడుక్కోవాలి. ఆడపిల్లల హాస్టల్లో రాత్రి గేటు వేశాక ల్యాబ్‌కి కూడా పోలేరు. ముందు ల్యాప్‌టాప్ కొనిపెట్టండి, ట్యాబ్ సంగతి రెండేళ్ల తర్వాత పాపే చెప్తది కావాలో వద్దో.

అల్లూరు చెరువుగట్టు:
అందరూ ట్యాబ్‌ని మరీ తీసిపారేస్తుండారు, ఆ మాట నేను ఒప్పుకోను. నేను రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్ని, పొద్దున్నుంచి గట్ల మీదే నా పని. నా దగ్గర గెలాక్సీ ట్యాబ్ ఎస్9 ఎఫ్‌ఈ ఉండాది, పెన్ను డబ్బాలోనే ఇస్తారు, విడిగా కొనే పని లేదు, నీళ్లు పడినా ఏం కాకుండా ఐపీ68 రేటింగ్ ఉండాది. చెక్‌ట్రే పైకి తీసి మేత ఎంత మిగిలిందో చూసి తడి చేత్తోనే రాసేస్తా. పీహెచ్, ఆక్సిజన్, సెలినిటీ చెరువు వారీగా షీట్లో కొట్టి గట్టు దిగేలోపు రైతుకి వాట్సాప్‌లో పంపిస్తా. పదకొండు గంటల ఎండలో ల్యాప్‌టాప్ తెరిచి చూడండి, ఆ తక్కువ రేటు ల్యాప్‌టాప్‌ల స్క్రీన్ల వెలుగు 250 నిట్సే ఉంటది, మన మొహం తప్ప ఇంకేం కనపడదు. ఉప్పు గాలికి, దుమ్ముకి కీబోర్డు సందులు, ఫ్యాను ఏమైపోతాయో చెప్పక్కర్లేదు.

అందుకని నేను అనేది ఏందంటే, చూసే పని, గుర్తు పెట్టుకునే పని, పంపే పని ఉన్నోళ్లకి ట్యాబ్‌ని మించింది లేదు. కూర్చుని టైపు కొట్టే పని ఉన్నోళ్లకే ల్యాప్‌టాప్. అక్కా, మీ ట్యాలీ మీరే కొడతారా, అకౌంటెంటుకి ఇస్తారా? అకౌంటెంటే చూసేటట్టయితే కొట్లో ఫోను మీదో ట్యాబ్ మీదో నడిచే వ్యాపార్ లాంటి బిల్లింగ్ యాప్ పెట్టుకుని, బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ తగిలించి పని కానిచ్చేయొచ్చు, కంప్యూటరే అక్కర్లేదు.

కావలి పైపుల కొట్టు:
తమ్ముడూ, నెల నెలా రిటర్నులు వేసేది అకౌంటెంటే గానీ బిల్లులు, కొనుగోళ్లు, స్టాకు అన్నీ ట్యాలీలో నేనే ఎక్కిస్తా. మా దగ్గర మోటారు కొన్న రైతు వారంటీ కోసమని ఏడాది తర్వాత కూడా బిల్లు పట్టుకొస్తాడు, థర్మల్ కాగితం అయితే అప్పటికి అక్షరాలు పోతాయి. అందుకే కార్బన్ పెట్టి డాట్ మ్యాట్రిక్స్ మీదే కొడతాం. ఇది మాత్రం మార్చలేం. పాపకి ఇక్కడ రాసినవన్నీ చదివి వినిపించా. ప్రాజెక్టులకి పక్కవాళ్లని అడుక్కోవాలి అన్న దగ్గర దానికి అర్థమైంది, ల్యాప్‌టాప్‌కి ఒప్పుకుంది. మరి ఏది కొనాలి? కొట్టుకి ఏం చెయ్యాలి? ఉన్నదానికే ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోద్దని ఇక్కడొకతను అంటున్నాడు.

నెల్లూరు రిపేర్లు:
అక్కా, రోజూ విప్పి చూసేవాడిగా చెప్తున్నా, కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు పాపది. డబ్బా మీద ప్రాసెసర్ పేరు రైజెన్ 5 అనో ఐ3 అనో ఉంటే చాలదు, పూర్తి నంబరు చూడాలి. రైజెన్ 5 7520యూ అని వస్తది, 7000 సిరీస్ కదా కొత్తది అనుకుంటారు, లోపల ఉండేది జెన్ 2 అనే పాత డిజైన్ కోర్లు, అవీ నాలుగే. ఆ నంబర్లో మూడో అంకె చూడండి, 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3. 7530యూ అయితే జెన్ 3, ఆరు కోర్లు, హాయిగా తీసుకోవచ్చు. పైగా ఆ 7520యూ మిషన్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటది, రేపు పెంచుదామంటే నేను కాదు కదా ఎవరూ ఏం చేయలేరు. ఇంటెల్‌లో ఐ3 ఎన్305 అని ఉంటది, అందులో అన్నీ చిన్న కోర్లే, వీడియోలు చూసుకోను సరే గానీ వివాడోకి వద్దు. ఐ5 1235యూ, ఐ5 12450హెచ్ లాంటివి తక్కువలో దొరికితే వదలొద్దు, పాత జనరేషన్ అని భయపడే పని లేదు. సెలెరాన్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ అని ఉన్నవాటి వైపు చూడనే వద్దు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీకి చాలా బాగుంటాయి గానీ, ల్యాబ్ బోర్డులకి, టోకెన్లకి డ్రైవర్లు దానికంటూ ప్రత్యేకంగా చేసినవి ఉంటేనే పనిచేస్తాయి, ఈసీఈ పాపకి ఆ తలనొప్పి ఎందుకు.

ఇంకా మూడు మాటలు అడగండి. ర్యామ్‌కి ఖాళీ స్లాట్ ఉందా, వారంటీ ఆన్‌సైటా లేక మనమే మోసుకెళ్లాలా, ఒంగోలులో సర్వీసు ఉందా. నా దగ్గరికి వచ్చే స్టూడెంట్ల మిషన్లలో ఎక్కువగా పోయేవి మూత హింజీలు, చార్జింగ్ పిన్నులు. మూత ఒక మూల పట్టుకుని ఎత్తకుండా మధ్యలో పట్టుకుని తెరవమనండి. 2025 చివర నుంచి మెమరీ చిప్‌ల రేట్లు బాగా పెరిగినాయి, నిరుడు ఎవరో ఇంతకి కొన్నారని అదే రేటుకి 16 జీబీది ఇప్పుడు రాకపోవచ్చు. రాకపోతే 8 జీబీ, ఒక ఖాళీ స్లాట్ ఉన్నది తీసుకుని రెండో ఏడాది పెంచండి.

ఇక కొట్టుది. పాతదానికి ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేస్తే ట్యాలీ టక్కున తెరుచుకుంటది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. సమస్య వేరే ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆపేసింది, విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటది, మీది నాలుగోది. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు లాగిన్లు అన్నీ అందులోనే చేస్తారు కదా, డబ్బులు తిరిగే మిషన్ని అట్టా వదిలేయకూడదు. దాని మీద ఖర్చు పెట్టే బదులు కంపెనీల ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ తీసుకోండి, ఎనిమిదో జనరేషన్ ఐ5 గానీ ఆపైది గానీ, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ. పాపకి 45 వేల లోపు పెట్టుకుంటే మిగిలిన దాంట్లో చూసుకోవచ్చు. మానిటర్, కీబోర్డు, యూపీఎస్ మీవే వాడుకోవచ్చు.

కాకపోతే కొనేముందు మీ ప్రింటర్ వెనకాల చూడండి. యూఎస్‌బీ వైరా, లేక వెడల్పాటి పిన్నులున్న లావు వైరా? మానిటర్ వైరు కూడా, నీలం రంగు వీజీఏనా, హెచ్‌డీఎంఐనా?

కావలి పైపుల కొట్టు:
ఇప్పుడే వంగి చూశా. ప్రింటర్ది వెడల్పాటి లావు వైరే, రెండు పక్కలా స్క్రూలు ఉండాయి. మానిటర్ది నీలం రంగు. రిచీ స్ట్రీట్లో అయితే చవకగా వస్తది, చెన్నై పోయి తెస్తానంటాడు మా ఆయన.

నెల్లూరు రిపేర్లు:
అడగడం మంచిదైంది. అది ప్యారలల్ పోర్టు, కొత్త వాటిలో రాదు. అరచేతి అంత ఉండే మినీ డెస్క్‌టాప్ ముద్దుగా ఉందని తీసుకోవద్దు, దాంట్లో కార్డు వేసుకునే చోటు ఉండదు. కొంచెం పెద్ద సైజు, ఎస్ఎఫ్ఎఫ్ అంటారు, అది తీసుకుంటే లోపల చిన్న ప్యారలల్ కార్డు వేయించొచ్చు, ఆ సైజుకి సరిపోయే పొట్టి క్లిప్పు ఉన్న కార్డే అడగండి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే వైర్లు అమ్ముతారు, ఒక ప్రింటర్‌కి పనిచేసింది ఇంకోదానికి చేయదు, బిల్లు మధ్యలో చెత్త అక్షరాలు కొడతాయి. అంతకంటే ముందు ప్రింటర్ వెనకాలే యూఎస్‌బీ కన్నం కూడా ఉందేమో చూడండి, కొన్ని మోడళ్లకి రెండూ ఉంటాయి, ఉంటే ఖర్చే లేదు. మానిటర్‌కి డిస్‌ప్లే పోర్ట్ నుంచి వీజీఏ కన్వర్టర్ ఒకటి చాలు.

రిచీ స్ట్రీట్‌కి పోతే పొండి, రకాలు ఎక్కువ దొరుకుతాయి. పోయేటప్పుడు ప్రింటర్, మానిటర్ వెనకాల పోర్టులు ఫోన్లో ఫొటో తీసుకుని పొమ్మనండి. అక్కడే ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయిందో లేదో చూసి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని తేవాలి. రేపు ఏదన్నా తేడా వస్తే మళ్లీ చెన్నై దాకా పోవాలి, ఆ చార్జీలు కూడా లెక్కేసుకుని నెల్లూరు రేటుతో పోల్చుకోండి.

కోవూరు ఖాతాలు:
ఒక మాట నాది కూడా. కొట్టు కంప్యూటర్ని కొట్టు పేరు మీద, మీ జీఎస్టీ నంబరు వేయించి కొనండి. 18 శాతం ట్యాక్స్ ఇన్‌పుట్ క్రెడిట్ కింద వాడుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు, మీరు కాంపోజిషన్ స్కీములో (అమ్మకాల మీద చిన్న శాతం కట్టే పద్ధతి) లేకపోతేనే. అయితే సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు కొందరు మార్జిన్ మీదే ట్యాక్స్ కడతారు, వాళ్ల బిల్లులో ట్యాక్స్ విడిగా కనపడదు, అట్టాంటి బిల్లుకి క్రెడిట్ రాదు. రేటు మాట్లాడేటప్పుడే ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తారా అని అడగండి. మిగతా ఖరీదు మీద ఇన్‌కంట్యాక్స్‌లో కంప్యూటర్లకి 40 శాతం తరుగుదల ఉంది, క్రెడిట్ తీసుకున్న ట్యాక్స్ మొత్తాన్ని మాత్రం అందులో కలపకూడదు. పాప ల్యాప్‌టాప్ చదువుకి కాబట్టి దాన్ని కొట్టు ఖాతాలో వేయొద్దు.

ట్యాలీ సిల్వర్ అయితే లైసెన్సు ఒక్క మిషన్ మీదే. పాత కంప్యూటర్లో ముందు డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, లైసెన్సు సరెండర్ కొట్టి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి. కొత్తదాంట్లో పాత బిల్లులన్నీ తెరుచుకున్నాయని చూసుకున్నాకే పాతది తీసేయండి.

కావలి పైపుల కొట్టు:
మేం రెగ్యులరే, కాంపోజిషన్ కాదు. ప్రింటర్ తిప్పి చూశా, పక్కన యూఎస్‌బీ కన్నం కూడా ఉండాది, ఇన్నాళ్లూ దుమ్ము పట్టి కనపడలా. ఆదివారం పాపని తీసుకుని నెల్లూరు పోతాం, ఐ5 1235యూ గానీ 7530యూ గానీ, 512 జీబీ, ర్యామ్ స్లాట్ ఉన్నది అడుగుతాం. మా అత్తకి ట్యాబ్ ఇప్పుడొద్దులే, ప్రవచనాలు ఫోన్ నుంచి టీవీకి పెడతా. కొట్టు మిషన్‌కి నెల్లూరు రేటు తెలుసుకుని ఇక్కడే రాస్తా, చెన్నై పోవాలో వద్దో మీరే చెప్పండి.