సైకిలు తొక్కేవారి భద్రత: కలెక్టరు గారికి ఇచ్చే అర్జీలో ఏమేమి అడగాలి?

ప్రశ్న (పటమట, విజయవాడ)

మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున సైకిలు తొక్కేవారి భద్రత గురించి జిల్లా కలెక్టరు గారికి ఒక అర్జీ ఇవ్వాలనుకుంటున్నాము. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇళ్లకు వెళ్లే వాచ్‌మన్లు, హైస్కూలు పిల్లలు మా వైపు సైకిళ్ల మీదనే తిరుగుతుంటారు. సర్వీస్ రోడ్డు నిండా కార్లు, లారీలు నిలిపి ఉంచడం వల్ల వీరంతా బస్సులు తిరిగే ప్రధాన రోడ్డు మీదికే రావలసి వస్తున్నది.

చిత్తుప్రతి దగ్గరే మాలో మాకు తేడాలు వచ్చాయి. బందరు రోడ్డు పొడవునా సైకిల్ ట్రాక్ అడుగుదామని కొందరు, సైకిలు తొక్కేవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి చేయమని అడుగుదామని మరికొందరు అంటున్నారు. సైకిలుకు లైసెన్సూ రిజిస్ట్రేషనూ లేవు కాబట్టి చట్టంలో దానికి చోటే లేదని, ఏమి అడిగినా వృథా ప్రయాసేనని ఒక పెద్దాయన వాదన. నిజంగా అంతేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (న్యాయవాది, గవర్నర్‌పేట)

మీ పెద్దాయన మాటలో సగం నిజముంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిలు మోటారు వాహనం కాదు. అందువల్ల లైసెన్సు, బీమా, 129వ సెక్షన్‌లోని హెల్మెట్ నిబంధన దానికి వర్తించవు. కానీ సైకిలును రాసుకుంటూ పోయే కారు, లారీ, బైకు ఆ చట్టానికి లోబడినవే. నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని 2019 సవరణ 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. మోటారు వాహనం ఢీకొని గాయపడిన సైకిలు మనిషి 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు, కానీ ఆరు నెలల గడువు దాటకూడదు. ఢీకొట్టిన బండి ఆచూకీ దొరకని కేసులలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం 2022 నుంచి అమలులో ఉంది. మీ కాలనీలో ఇది ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

అర్జీకి ఆయువుపట్టు మాత్రం 138వ సెక్షన్‌లో 2019లో చేర్చిన (1ఎ) ఉపసెక్షన్. యంత్రంతో నడవని వాహనాలు, పాదచారులు రోడ్లను వాడుకునే తీరుపై భద్రత దృష్ట్యా నిబంధనలు చేసే అధికారాన్ని అది రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. జాతీయ రహదారులు కాని రోడ్ల డిజైన్, నిర్మాణం, నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించే అధికారం 210డి సెక్షన్‌లో ఉంది. రోడ్డు భద్రతపై కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఈ రెండింటి కింద ఆరు నెలల్లోగా నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి దయతలచమని వేడుకోనక్కరలేదు. ఆ నిబంధనలలో సైకిలుకు ఏ రక్షణ ఉండాలో చెప్పి, మీ అభిప్రాయాన్ని ప్రభుత్వానికి పంపమని కలెక్టరు గారిని కోరవచ్చు.

నేనైతే మొదట పక్క ఎడం అడుగుతాను. సైకిలును దాటే వాహనం ఎంత దూరం వదలాలో జర్మనీ 2020లో అంకెల్లో రాసుకుంది: ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు. మన దగ్గర తగినంత దూరం అని మాత్రమే ఉంటే, ఎంత దూరం తగినంత అన్న వాదన కోర్టులో ఏళ్లతరబడి సాగుతుంది.

హెల్మెట్ పెట్టుకోమని పిల్లలకు తప్పక చెప్పండి, కానీ దానిని చట్టంగా అడగకండి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో ఆ పని చేస్తే, కౌమార వయసు పిల్లల్లో సైకిలు వాడకం పడిపోయినట్లు ఆనాటి సర్వేలలో కనిపించింది. ఇక్కడైతే ఆ జరిమానా ముందుగా పడేది మీరు చెప్పిన వాచ్‌మన్ల మీదనే.

జవాబు 2 (విశ్రాంత రోడ్ల ఇంజనీరు, సత్యనారాయణపురం)

వకీలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే దూరం నిర్ణయించినంత మాత్రాన రోడ్డు బాగుపడదు. అర్జీలో సైకిల్ ట్రాక్ అన్న ఒక్క మాట రాసి ఊరుకుంటే మీకు దక్కేది రోడ్డు అంచున ఒక రంగు పట్టీ మాత్రమే, పది రోజులు తిరగకుండానే దాని మీద బైకులు, టిఫిన్ బండ్లు చేరతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) సైకిల్ ట్రాక్‌లకు ఇచ్చిన ఐఆర్‌సీ 11 ప్రమాణం ప్రకారం ట్రాక్ వెడల్పు కనీసం 2 మీటర్లు ఉండాలి. వేగంగా బండ్లు వెళ్లే రోడ్డు పక్కన దానికీ ప్రధాన మార్గానికీ మధ్య ఎత్తైన కట్ట ఉండాలి. ఆ రెండూ రాయకుండా ట్రాక్ అడగడం కంటే అడగకపోవడమే మేలు.

నా అనుభవంలో సైకిలును పడగొట్టేవి చాలావరకు రోడ్డు అంచులోనే ఉంటాయి. తారు మీద తారు పోసుకుంటూ పోవడం వల్ల రోడ్డుకూ పక్కనున్న మట్టి మార్జిన్‌కూ మధ్య రెండు మూడు అంగుళాల ఎత్తు తేడా మిగిలిపోతుంది. వెనుక బస్సు హారన్ కొట్టగానే సైకిలు మార్జిన్‌లోకి దిగుతుంది; తిరిగి పైకి ఎక్కబోతే ముందు చక్రం ఆ అంచును రాసుకుంటూ జారి, మనిషి రోడ్డు వైపుకు, అంటే వచ్చే బండి కిందికే పడతాడు. మురుగు కాలువ మీది ఇనుప జాలీ సంగతి కూడా ఇంతే. ఊచలు రోడ్డు పొడవునా సాగి ఉంటే, మామూలు సైకిలుకుండే ఒకటిన్నర అంగుళం టైరు వాటి సందులో దిగి బిగుసుకుపోతుంది. ఊచలు అడ్డంగా ఉండే జాలీ వేస్తే ఆ ప్రమాదమే ఉండదు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, టెండరు పత్రంలో ఒక వాక్యం చాలు. ఎన్నిసార్లు చెప్పినా ఆ వాక్యం మాత్రం చేరదు, అది వేరే కథ.

అర్జీ ఇచ్చే ముందు ఏ రోడ్డు కార్పొరేషన్‌ది, ఏది ఆర్ అండ్ బీది, ఏది జాతీయ రహదారుల సంస్థదో విడివిడిగా తేల్చుకోండి. లేకపోతే మీ కాగితం ఆ మూడు ఆఫీసుల మధ్యే తిరుగుతుంది.

జవాబు 3 (అరండల్‌పేట, గుంటూరు)

పెద్దలు క్షమించాలి, నాకొక సందేహం. నడిరోడ్డు మీద 1.5 మీటర్లను టేపు పెట్టి కొలిచేదెవరు? మిర్చి సీజన్‌లో యార్డుకు వచ్చే లారీల పక్కన సైకిలు తొక్కేవాడికి ఆ అంకె వల్ల ఒరిగేదేమీ లేదు. కొలవనక్కరలేనివి ముందు అడగడం మంచిదని నా అభిప్రాయం. 115వ సెక్షన్ కింద ఏ రోడ్డు మీద ఏ వేళల్లో భారీ వాహనాలు రాకూడదో నిర్ణయించవచ్చు. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో లారీలను ఆపమని అడగండి. లారీ ఉందా లేదా అన్నది కానిస్టేబులు కంటికే కనబడుతుంది. అలాగే 112వ సెక్షన్ కింద బడుల దగ్గర వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించకుండా చూడమనండి. పాదచారులు, సైకిళ్లు మోటారు బండ్లతో కలిసి తిరిగే చోట ఈ పరిమితే ఉండాలని రోడ్డు భద్రతపై 2020 నాటి అంతర్జాతీయ స్టాక్‌హోం ప్రకటన కూడా కోరింది.

జవాబు 4 (న్యాయవాది, గవర్నర్‌పేట)

గుంటూరు మిత్రులు చెప్పినవి వెంటనే చేయదగినవే, వాటిని ముందు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఎడం నిబంధన ఉపయోగపడేది రోడ్డు మీద కొలవడానికి కాదు. వెనుక నుంచి ఢీకొట్టిన డ్రైవరు సైకిలే అడ్డం వచ్చిందని చెప్పినప్పుడు, అతడు ఎంత దూరం వదలవలసి ఉండెనో చూపడానికి. అందుకే దానిని రాష్ట్ర ప్రభుత్వానికి పంపే భాగంలో ఉంచండి.

జవాబు 5 (గుణదల)

ఒక చిన్న మాట. మన ఎండల్లో నీడ లేని ట్రాక్ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఖాళీగానే ఉంటుంది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల వెంబడి చెట్లు నాటి సైకిలు దారి వేయమని కూడా రాయండి. రాత్రి డ్యూటీ వారి సైకిళ్లకు వెనుక ఎర్ర రిఫ్లెక్టరు బిగించే పని మాత్రం సంఘమే చేయవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (పటమట)

అందరికీ కృతజ్ఞతలు. హెల్మెట్ అంశం తీసివేస్తున్నాము. కలెక్టరు గారి పరిధిలోని లారీల వేళలు, బడుల దగ్గర వేగం, సర్వీస్ రోడ్డు మీది పార్కింగ్ ఒక అర్జీగా, 138(1ఎ) నిబంధనలలో ఎడం, ట్రాక్ వెడల్పు చేర్చాలన్న కోరిక మరో అర్జీగా విడదీసి, రెండింటినీ సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తాము. ఇంజనీరు గారూ, మా వీధుల్లోని జాలీల ఫొటోలు తీసి ఒక్కొక్కటి ఏ మలుపు దగ్గరుందో రాసి మీకు చూపుతాను. వాటిలో ఏవి ముందు మార్చాలో మీరు గుర్తు పెట్టి ఇస్తే అర్జీకి జతచేస్తాము.