సమస్య: “నిప్పు కడుపునఁ బుట్టెను నీటిధార”

సమస్య ఇచ్చినవారు (బీవర్టన్, ఒరెగాన్)

అందరికీ నమస్కారం. ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాను. మొన్న శనివారం అమ్మను మల్ట్‌నోమా జలపాతానికి తీసుకెళ్లాను. పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది పక్కనే హైవే మీద వెళ్తుంటే, కారులోంచే కనిపిస్తుంది. మొత్తం 620 అడుగులు. పైనుంచి ఒక్క దూకున 542 అడుగులు, మధ్యలో 9 అడుగుల మెట్టు, కింద మళ్లీ 69. కింది ధారకు పైన 1914లో కట్టిన చిన్న వంతెన ఉంది. అక్కడిదాకా ఎక్కేసరికి జల్లుకు ఇద్దరం తడిసిపోయాం.

దారి పక్కన రాయిని చూసి అమ్మ, “ఇది కాలిన రాయిలా ఉందే” అంది. నిజమే. సుమారు కోటిన్నర ఏళ్ల కిందట తూర్పున నేల పగుళ్లలోంచి పొంగిన లావా ఇక్కడిదాకా పారి, పొర మీద పొరగా గడ్డకట్టింది. ఆ మాట దగ్గరే ఈ పాదం తట్టింది. పూరించండి.

ఒంగోలు మాస్టారు

నేల చీలగ లావాలు నిండి పారి
యారి గట్టిగ నల్లని యద్రి యయ్యె;
మంచు కరగిన యూటలు మలను దూక
నిప్పు కడుపునఁ బుట్టెను నీటిధార.

బీవర్టన్

మాస్టారూ, మూడో పాదంలో ‘ఊటలు’ చక్కగా పడింది. వసంతంలో కరిగే మంచు కలుస్తుంది గానీ, ఏడాది పొడుగునా ఈ ధారను నిలబెట్టేది పైనున్న లార్చ్ కొండ ఊటలే. ఆ కొండ కూడా ఒకప్పటి అగ్నిపర్వతమే! ఒక్క ‘గట్టిగ’ దగ్గర ఆగాను. 1995లో ఈ జలపాతపు రాతిగోడ నుంచి బస్సంత బండ ఊడి పై మడుగులో పడింది. మరో మాట, చనువు తీసుకుంటున్నాను: ‘యద్రి యయ్యె’ అని రెండో పాదంలోనే వాక్యం ముగిసిపోయింది. ‘యద్రి కాఁగ’ అంటే చివరిదాకా ఒకే ఊపులో సాగుతుంది కదా?

ఒంగోలు మాస్టారు

సాగుతుంది. మార్చుకున్నాను.

హన్మకొండ

మొదటిసారి రాస్తున్న. తప్పులుంటే చెప్పండి.

మంచుకట్ట తెగగ వచ్చె మహితవరద
కోసె కొండను నిలువున లోయ చేసి
నల్లలావపు టంచున నడక తప్పి
నిప్పు కడుపునఁ బుట్టెను నీటిధార.

ఒంగోలు మాస్టారు

తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి. మొదటిసారికి ఇది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది. ‘కో’కు ‘లో’ చెల్లదు, ప్రాసయతీ లేదు. ‘నిలువున గోడ వోలె’ అంటే యతి కుదురుతుంది, కొండ ఎలా తెగిందో బొమ్మ కూడా కడుతుంది. మొదటి పాదంలో ‘మహిత’ యతి కోసం వచ్చిన మాట, దానికి పని లేదు. ‘మట్టివరద’ అను. మూడో పాదం మాత్రం ముట్టుకోవద్దు. వాగు అంచుదాకా వచ్చి నడక తప్పడం! అది నాకు తట్టలేదు.

బీవర్టన్

నాకూ ఆ పాదమే నచ్చింది. జరిగిందీ అదే. సుమారు 15 వేల ఏళ్ల కిందట మిస్సౌలా అనే మంచుయుగపు సరస్సు కట్ట తెగి వరద వచ్చింది. ఒక్కసారి కాదు, పదుల సార్లు. లోయ గోడలు నిట్టనిలువుగా తెగిపోయి, పక్కవాగులు గాల్లో వేలాడుతూ మిగిలాయి. అందుకే ఆ రోడ్డు పొడుగునా అన్ని జలపాతాలు.

హన్మకొండ

రెండూ మారుస్త సర్. చాలా సంతోషం.

పిఠాపురం పెద్దమ్మ

ఆ జలపాతం నేను చూడలేదు. నాకు తెలిసిన నిప్పు గురించి రాశాను.

పచ్చికట్టెను పొయ్యిలోఁ బడఁతి సేర్ప
చివర బుసబుస నురగలు చిమ్మి పొరలి
కనులముందర వంటింటి గట్టుమీఁద
నిప్పు కడుపునఁ బుట్టెను నీటిధార.

ఒంగోలు మాస్టారు

అమ్మా, ‘బుసబుస’ చెవిలో వినిపించింది. కట్టెల పొయ్యి నేలమీద కదా ఉండేది, ‘గట్టు’ ఎలా?

పిఠాపురం పెద్దమ్మ

మా అత్తగారి ఇంట్లో మోకాలెత్తు మట్టి గట్టు కట్టి, దాని మీద పొయ్యి వేశారు బాబూ. నేను ఊదిన పొయ్యి అదే.

బీవర్టన్

పెద్దమ్మగారూ, చూడకుండానే అసలు సంగతి పట్టుకున్నారు. కట్టెలో నీరు నిప్పు పుట్టించింది కాదు, ముందే లోపల దాగింది. ఇక్కడా అంతే. వాన కొండలోకి ఇంకి, లావా పొరల మధ్య సందుల్లో నడిచి, ఊటగా బయటికి వస్తుంది. ఇన్నాళ్లూ ‘పుట్టెను’ అంటే తయారైంది అనే అనుకున్నాను. పురిటిలో లాగా, దాచుకున్నది బయటపడటం అనే అర్థం మీ పద్యం చదివాకే తెలిసింది.

ఇది నా పూరణ:

అమ్మ కళ్ళజోడున జల్లు లలమె నంత
తడిమి యా నల్లరాతినిఁ దల్లి పలికె:
“కాలి చల్లారె, నెవరిని గాల్చ కిపుడు
నిప్పు కడుపునఁ బుట్టెను నీటిధార.”

ఒంగోలు మాస్టారు

‘కాల్చకిపుడు’ దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. ఆ ఒక్క మాటతో సమస్య విడిపోయింది. అయితే మొదటి పాదంలో ‘అమ్మ’ అన్నాక మళ్లీ ‘తల్లి’ ఎందుకు? ‘దాను పలికె’ అను, యతికీ ఇబ్బంది లేదు.

బీవర్టన్

మార్చాను మాస్టారూ. ఇప్పుడే అమ్మకు చదివి వినిపించాను. రాయి మీద చెయ్యి పెట్టినప్పుడు కుండ అడుగులా ఎంత చల్లగా ఉందో, అది కూడా రాయాల్సింది అంది.