శనివారం పక్షి బొమ్మ వర్క్‌షాప్: ఎవరెవరు ఏ పని చూస్తారు?

కార్యదర్శి (బుధ, రాత్రి 8:40)
అందరికీ నమస్కారం. పేర్లిచ్చినవాళ్లు 30 దాటారు. ఏ పని ఎవరిదో రేపటికల్లా చెప్పండి: 1. హాలు తాళాలు 2. రంగులు, నైఫ్‌లు 3. బల్లలు 4. ఫొటోలు 5. చివర్లో శుభ్రం చేయడం.

కళావిభాగం (9:05)
రెండోది నాది. పాలెట్ నైఫ్‌లు (కుంచెకు బదులు రంగు పూసే పదునులేని రేకు కత్తులు), అక్రిలిక్ రంగులు, మోడలింగ్ పేస్టు (బొమ్మ ఎత్తుగా రావడానికి రంగు కింద వేసే చిక్కటి ముద్ద) వచ్చేశాయి. నైఫ్ నొక్కితే గుడ్డ కాన్వాస్ కుంగుతుంది, అందుకే గట్టి బోర్డులు తీసుకున్నాం. బొమ్మ లకుముకి పిట్ట.

హాలు బాధ్యత (గురు, మధ్యాహ్నం 1:15)
పెద్ద చిక్కొచ్చి పడింది. లోపల రంగులు వాడటానికి వీల్లేదని హాలువాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. కింద కార్పెట్ ఉంది, అక్రిలిక్ ఆరిందంటే నీళ్లకు పోదు. సింకులో రంగునీళ్లు పోయకూడదట. సాయంత్రం ఆరింటికి ఖాళీ చేయాలి, తడి బొమ్మ ఒక్కటి కూడా లోపల ఉంచనివ్వరు.

కోశాధికారి (1:22)
అడ్వాన్సు వెనక్కి రాదు. ఫారంలో పెయింటింగ్ అని అసలు రాశారా?

హాలు బాధ్యత (1:30)
రాశాను. కాపీ మీకూ వచ్చింది. ఆఫీసు పని మధ్యలో బయటికొచ్చి వాళ్లను బతిమాలుతున్నాను అన్నా. నన్ను నిలదీసే ముందు ఆ మెయిల్ చదవండి.

కోశాధికారి (1:34)
డబ్బు లెక్క రేపు అందరికీ చెప్పుకోవాల్సింది నేను. అడగకుండా ఎలా ఉంటాను?

పిల్లల విభాగం (1:41)
ఇద్దరూ కాస్త ఆగండి. వాటర్ కలర్స్‌కి మారిపోతే? లేదంటే హెయిర్ డ్రయర్లతో ఆరబెడదాం.

కళావిభాగం (2:10)
వాటర్ కలర్‌లో ఈకలు ఎత్తుగా నిలబడవు. చేత్తో తడిమితే ఈక తగలాలి, ఈ బొమ్మ అందమంతా అక్కడే ఉంది. డ్రయర్ పెడితే పైన పొర కట్టి లోపల మెత్తగానే ఉంటుంది, తర్వాత బీటలిస్తుంది.

కానీ ఒకటి ఆలోచించండి. నైఫ్‌తో వేసేటప్పుడు నీళ్లతో పనే లేదు. రంగు మార్చిన ప్రతిసారీ గుడ్డకు తుడుచుకుంటే చాలు, ఆ గుడ్డలు సంచిలో వేసి మనమే తీసుకెళ్లిపోతాం. అంటే సింకు గొడవ లేదు. ఇక మిగిలింది తడి.

ఆరడానికి టైం పట్టేది మందంగా వేసిన పేస్టే. అది మనం ఈ రాత్రే వేసేద్దాం. పొర రెండు మూడు మిల్లీమీటర్లు మించకపోతే రేపు రాత్రికి గట్టిపడుతుంది. అప్పుడు దాని మీద ముదురు నీలం పల్చగా పూసేస్తాం. శనివారం వాళ్లు లేత రంగులు మాత్రమే వేస్తారు. నైఫ్‌ను దాదాపు పడుకోబెట్టి తేలిగ్గా లాగితే రంగు ఎత్తుల మీదే అంటుకుంటుంది, సందుల్లో ముదురు నీలం అలాగే ఉండిపోతుంది. పల్చటి రంగు అరగంటలో ఆరుతుంది.

పేస్టు వేసే సరదా పిల్లలకు దక్కదు, అదే బాధగా ఉంది. కానీ రద్దు చేయడం కంటే ఇది నయం.

హాలు బాధ్యత (3:25)
మేనేజర్‌తో మళ్లీ మాట్లాడాను. నీళ్లు వాడం అనేసరికి మెత్తబడ్డారు. కార్పెట్ గది కుదరదు కానీ ముందున్న లాబీ ఇస్తామన్నారు, అక్కడ టైల్స్. నేలంతా షీటు పరిచి టేపు వేయాలి.

కోశాధికారి (3:31)
మంచి పని చేశావు తమ్ముడూ. షీట్లు, టేపు నేను తెస్తాను. సాయంత్రం నిన్ను ఆఫీసు దగ్గరే ఎక్కించుకుంటా.

పిల్లల విభాగం (3:38)
లాబీలో అందరూ పట్టరు కదా? రెండు బ్యాచ్‌లు చేసి మెసేజ్ పెట్టేస్తున్నాను. అక్కా, పేస్టు నేను ఎప్పుడూ వేయలేదు, వచ్చి ఏం చేయాలి?

కళావిభాగం (3:50)
ఏడింటికి మా గ్యారేజీకి రా, పక్కనుండి చూపిస్తా. తోక దగ్గర మొదలుపెట్టి తలవైపు వెళ్లాలి. నైఫ్ అడుగున కొంచెం పేస్టు తీసుకుని బోర్డుకు నొక్కి, తోకవైపు కాస్త లాగి ఎత్తేయాలి. పక్కల అంచులు లేచి ఈకలా నిలబడుతుంది. తర్వాతి వరుస కొసలు ముందు వరుస మొదళ్లను కప్పాలి, ఇంటికి పెంకులు నేసినట్టు. ముక్కు, కన్ను ఉండేచోట పేస్టు వద్దు. అక్కడ నున్నగా ఉంటేనే కంట్లో తెల్లచుక్క సరిగ్గా పడుతుంది.

శనివారం రొమ్ముకి నారింజ రంగు వేసేముందు ప్రతి పిల్లాడి నైఫ్ మీరే తుడవండి. నీలం ఏమాత్రం కలిసినా మట్టిరంగైపోతుంది.

కార్యదర్శి (4:02)
నేనూ ఏడింటికి వస్తున్నా. ఆరబెట్టడానికి మడత బల్లలు రెండు తెస్తాను. ఇంకెవరికైనా కారులో చోటు కావాలంటే చెప్పండి.